కొండమేకలు, ఇనుపమేకులు

“దూరపుకొండలు నునుపు” అను సామెతను మన పెద్దలు కొండలను ఉద్దేశించి చెప్పలేదు. మనుష్యుల భ్రమలను ఉద్దేశించి చెప్పిరి. అయినను కొండల విషయమున కూడ అది అక్షరాల నిజము. యూరపు పటమును తరగతిగోడకు తగిలించి చూచినచో, స్పెయిను, ఫ్రాన్సు దేశముల నడుమ ఒక గోధుమవన్నె పట్టె కానవచ్చును. పటము మీద అది వ్రేలెడు వెడల్పైనను ఉండదు. అదియే పిరెనీస్ పర్వతశ్రేణి. ఆ శ్రేణి అంతటిలోను మిక్కిలి ఎత్తైన భాగము, స్పెయిను వైపున, వెస్కా అను జిల్లాలో ఉన్నది.

అరగాన్ ప్రాంతములోని మూడు జిల్లాలలో వెస్కా ఒకటి. వైశాల్యము 15,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నను, జనసంఖ్య రెండు లక్షలకు కొంచెము మించును, అంతే. పూర్వము ఇచటి గొర్రెలకాపరులు చలికాలమునకు మందలను దక్షిణపు మైదానములకు తోలుకొనిపోయి, వేసవికి మరల కొండమీది పచ్చికలకు తెచ్చుచుండెడివారు. నేడు ఆ కొండదారుల వెంట వేరొక రకపు మనుష్యులు నడచుచున్నారు. వారి వీపున మూటలు, చేత కర్రలు, నడుమునకు త్రాళ్లు. కొందరు శిఖరములు ఎక్కుటకు వత్తురు. కొందరు గోడవలె నిలిచిన శిలలపై ప్రాకుటకు వత్తురు. కొందరు ఇరుకైన గండ్లలో నీటివెంట దిగుటకును, ఎసెరా నది వడిలో రబ్బరు పడవలు నడుపుటకును వత్తురు. చలికాలమున మంచుపై జారుటకు వచ్చువారు మరికొందరు.

దీనినంతటిని సాహసవిహారమని ఒక్కమాటలో చెప్పవచ్చును. కాని సాహసమనగా నేమి? కొండ ఎదుట మనుష్యుడు చూపు ధైర్యమా? కొండపట్ల అతడు పాటించు మర్యాదయా? వెస్కా కొండలలో రెండువందల యేండ్లుగా జరిగిన కొన్ని సంగతులను తెలిసికొన్నచో, ఈ ప్రశ్న వట్టి మాటల చమత్కారము కాదని తోచును.

మంచు మ్రింగిన మార్గదర్శి

పిరెనీస్ శిఖరములలో అన్నింటికంటె ఎత్తైనది అనేతో. దాని ఎత్తు 3,404 మీటర్లు. అది ఉన్న కొండలగుంపునకు మలదెతా అని పేరు. శాపము తగిలిన కొండ అని ఆ పేరునకు జనులు అర్థము చెప్పుకొందురు. అచట 1824లో జరిగిన ఒక దుర్ఘటన ఆ అర్థమును మరింత బలపరచినది. పియెర్ బారో అను అనుభవజ్ఞుడైన మార్గదర్శి, ఇద్దరు యువకులను వెంటబెట్టుకొని మలదెతా హిమానీనదము మీదుగా పోవుచు, మంచులోని లోతైన చీలికలో పడి మరణించెను.

హిమానీనదమనగా కదలక పడియున్న మంచుగడ్డ కాదు. తన బరువుచేత తానే మెల్లమెల్లగా పల్లమునకు జారు మంచునది అది. మ్రింగినదానిని అది తన లోపలనే మోసికొనిపోయి, ఏనాటికో దిగువన విడిచిపెట్టును. బారో అవశేషములు 1931లో, అనగా నూటయేడు సంవత్సరములకు, బయటపడినవి. ప్రకృతిశాస్త్రము బోధించు ఉపాధ్యాయునకు హిమానీనదపు చలనమును వివరించుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు. ఇంతకంటె విషాదకరమైనదియు దొరకదు.

ఆ మరణము స్థానికుల గుండెలలో దిగులు నాటినది. పదునెనిమిదేండ్ల తరువాత, 1842 జూలై 20వ తేదీన, ప్లాతోన్ చిహచోఫ్ అను రష్యను అధికారియు, అల్బేర్ ద ఫ్రాంక్‌విల్ అను ఫ్రెంచి యువకుడును నలుగురు మార్గదర్శకులతో కలిసి అనేతో శిఖరమును మొదటిసారి ఎక్కిరి. వారు ఎక్కిన దారి గమనింపదగినది. బారోను మ్రింగిన హిమానీనదముపై అడుగుపెట్టక, దక్షిణపు వైపుగా చుట్టు తిరిగి పోయిరి. దూరము పెరిగినది, శ్రమ పెరిగినది. కాని అందరును ప్రాణములతో తిరిగివచ్చిరి.

శిఖరమునకు కొలది గజముల ముందు వారికి ఒక సన్నని రాతి గట్టు అడ్డుపడినది. ఇరువైపుల అగాధము, నడుమ రాతిపలకలు. స్వర్గమునకు పోవుదారిలో వెండ్రుకకంటె సన్నని వంతెన యొకటి కలదని ముస్లిముల విశ్వాసము. దానిని తలచుకొని ఫ్రాంక్‌విల్ ఆ గట్టునకు మహమ్మదు వంతెన అని పేరు పెట్టెను. నేటికిని అదే పేరు. ఎన్నో గంటలు నడచి, శిఖరము కన్నులకు కనబడుచుండగా, ఆ గట్టు వద్ద నిలిచి “ఇక చాలు” అని మరలిపోవువారు నేటికిని కలరు. వారిని చూచి నవ్వువారు కొండ నెరుగనివారు.

బారో కథకు మరొక ముగింపు కూడ వచ్చుచున్నది. ఏ మంచునదిని చూచి ఆ తరము వణకినదో, ఆ మంచునదియే ఇప్పుడు కరగిపోవుచున్నది. 1981 మొదలు 2022 వరకు గల కాలములో అనేతో హిమానీనదము తన విస్తీర్ణములో సగమునకు పైగా కోల్పోయినది. మంచు తరిగినకొలది దారి సులువగునని అనుకొనరాదు. మెత్తని మంచు పోయి గట్టి గాజువంటి గడ్డ బయటపడును. మంచు పట్టి నిలిపిన బండలు పట్టుదప్పి దొర్లును. భయపెట్టినదానిని కూడ పోగొట్టుకొను కాలము వచ్చుట, చిత్రమైనను, సంతోషింపదగినది కాదు.

వేటగాని దారి

అనేతోకు పడమటగా ఒర్దెసా లోయ కలదు. అరాసాస్ అను యేరు నడుమ పారుచుండగా, ఇరువైపుల కొండగోడలు మెట్లుమెట్లుగా లేచియుండును. లోయ చివర గుఱ్ఱపుతోక అను పేరుగల జలపాతము. దానికి పైన మోంతే పెర్దీదో, అనగా తప్పిపోయిన కొండ, 3,348 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. రామోన్ ద కార్బోనియేర్ అను ఫ్రెంచి పండితుడు 1797లో ఈ కొండప్రాంతమున సముద్రజీవుల శిలాజములను కనుగొనెను. 1802లో శిఖరమును చేరెను. ఒకనాడు సముద్రగర్భమున ఏర్పడిన సున్నపురాయి, భూమి పొరల ఒత్తిడిచేత లేచి, మేఘములను తాకుచున్నదన్నమాట.

ఈ లోయకు ప్రక్కన కొతతువేరో అను మరొక కొండమలుపు ఉన్నది. అచటి జలపాతము చెంత నిట్టనిలువు రాతిగోడలో ఇనుపమేకులు వరుసగా దిగగొట్టబడియున్నవి. వాటిని చేతబట్టి, వాటిపై కాలుమోపి, క్రింద శూన్యమును చూడక అడ్డముగాను పైకిని ప్రాకవలెను. ఇప్పుడు యాత్రికులు నడుమునకు త్రాడును, తలకు టోపీకవచమును ధరించి ఈ దారిని పోవుదురు. ధైర్యమునకు పరీక్షగా దీనిని చెప్పుకొందురు.

కాని ఆ మేకులను దిగగొట్టించినది యాత్రికుల కొరకు కాదు. 1881లో ఎడ్వర్డ్ నార్త్ బక్స్‌టన్ అను ఆంగ్లేయ వేటగాడు తోర్లా గ్రామపు కమ్మరిచేత వాటిని వేయించెను. ఆ గోడకు మీదనున్న రాతి అంచులపై బుకార్దో అను కొండమేకలు మేయుచుండెడివి. పెద్ద వంపు కొమ్ములు గల ఆ మేకజాతి పిరెనీస్ కొండలకే ప్రత్యేకమైనది. మనుష్యుడు చేరలేని తావు అగుటచేతనే ఆ అంచులు మేకలకు ఆశ్రయమైనవి. మేకులు పడిన దినమున ఆ ఆశ్రయమునకు తలుపు తెరచినట్లాయెను.

ఒక్క బక్స్‌టన్‌నే దోషిగా నిలుపుట న్యాయము కాదు. పందొమ్మిదవ శతాబ్దమంతయు ఆ కొమ్ములను ఇంటిగోడకు అలంకరించుకొనవలెనని ఎందరో వేటగాండ్రు ఆ కొండలకు వచ్చిరి. అంతేకాదు, వన్యజంతువులు తరిగిపోవుట చూచి మేలుకొన్నవారిలో బక్స్‌టన్ ముందువరుసవాడు. బ్రిటిషు సామ్రాజ్యములోని వన్యజంతువులను కాపాడుటకై 1903లో ఏర్పడిన సంఘమునకు స్థాపకుడు ఆయనయే. మనుష్యుని మనస్సు మారవచ్చును. గోడలో దిగిన మేకు మాత్రము దిగినట్లే ఉండును.

లూసియెన్ బ్రియే అను ఫ్రెంచి యాత్రికుడు ఒర్దెసాను కాలినడకన తిరిగి, ఛాయాచిత్రములు తీసి, వ్యాసములు వ్రాసి, ఈ లోయను రక్షింపవలెనని పట్టుపట్టెను. 1918 ఆగస్టు 16వ తేదీన స్పెయిను ప్రభుత్వము ఒర్దెసాను జాతీయవనముగా ప్రకటించినది. ఆ దేశములో ఇది రెండవ జాతీయవనము. బుకార్దోను కాపాడుట దాని ఉద్దేశములలో ఒకటి. 1982లో వనమును మరింత విస్తరింపజేసిరి. 1997లో యునెస్కో ఈ ప్రాంతమును ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చినది.

రక్షణ వచ్చినది, కాని ఆలస్యముగా వచ్చినది. వేట మందను పలుచన చేసిన తరువాత, మిగిలిన కొలది మేకలు మరల వృద్ధి పొందలేకపోయినవి. కడపట ఒక ఆడమేక మాత్రమే మిగిలినది. 2000 జనవరి 6వ తేదీన, విరిగిపడిన చెట్టు క్రింద అది చచ్చిపడియుండుట వనరక్షకులు చూచిరి. దానితో ఆ జాతి అంతరించినది. ఆ మేక బ్రతికియుండగా దాని చర్మమునుండి తీసి భద్రపరచిన జీవకణములతో శాస్త్రజ్ఞులు 2003లో ఒక పిల్లను పుట్టింపగలిగిరి. ఊపిరితిత్తుల లోపముచేత అది కొన్ని నిమిషములు మాత్రమే జీవించినది. భూమిమీద నుండి రెండుసార్లు అంతరించిన మృగమని చెప్పదగినది బుకార్దో యొక్కటే.

మేకలను చేరుటకు వేసిన మేకులు మిగిలినవి, మేకలు మిగులలేదు. ఈనాడు ఒర్దెసాలో తుపాకి మ్రోగదు. వేసవిలో యాత్రికుల కార్లను లోయలోనికి రానీయక, తోర్లా నుండి బస్సులలో తీసికొనిపోవుదురు. ఒకే సమయమున 1,800 మందికి మించి లోయలో ఉండరాదని నియమము పెట్టిరి. కొండకు మనము పోవుట ఎట్లు అను ప్రశ్నకు బదులు, మనవలన కొండకు ఏమగును అని అడుగుట మనుష్యుడు నేర్చినాడనుటకు ఈ నియమము సాక్ష్యము.

రిగ్లోస్ గోడలు

జిల్లాకు పడమటి భాగమున, గాయెగో నది చెంత, రిగ్లోస్ అను చిన్నపల్లె కలదు. ఇండ్ల కప్పుల వెనుకనే ఎఱ్ఱని శిలాస్తంభములు మూడువందల మీటర్ల వరకు లేచియుండును. ఆ శిల గ్రానైటు కాదు, సున్నపురాయియు కాదు. పూర్వపు యేళ్లు తెచ్చిన గులకరాళ్లు ఒకటిగా గడ్డకట్టి ఏర్పడినది. పాకములో వేరుసెనగపప్పు పొదిగిన ఉండను తలచుకొన్నచో దాని రూపు తెలియును. ఎక్కువాడు బయటికి పొడుచుకొనివచ్చిన గులకరాతిని పట్టుకొని పైకి లేవవలెను. ఆ రాయి నిలుచునో ఊడునో చేతితో తట్టి చూచి తెలిసికొనవలసినదే.

ఈ స్తంభములలో పూరో అనునది చుట్టవలె సన్నగా నిలిచియున్నది. దానిని 1953లో అల్బెర్తో రబదా, మనువెల్ బెస్కోస్, ఆంహెల్ లోపెస్ అను యువకులు మొదటిసారి ఎక్కిరి. అంతర్యుద్ధము ముగిసి అప్పటికి పదునాలుగేండ్లే అయినది. దేశము పేదరికములో ఉన్నది. మంచి త్రాడు దొరకుటయే అరుదు. రబదా తరువాత ఎర్నెస్తో నవార్రోతో జతకట్టెను. వీరిద్దరును 1961లో రిగ్లోస్‌లోని ఫిరే స్తంభమునకును, 1962లో ఉత్తర స్పెయినులోని నరాన్హో దె బుల్నెస్ శిఖరపు పడమటి గోడకును కొత్త దారులు వేసిరి. ఇప్పటికిని ఆ దారులను ఎక్కువారు వారి పేర్లతోనే వాటిని పిలుతురు.

1963 ఆగస్టులో వారు స్విట్జర్లాండులోని ఐగర్ శిఖరపు ఉత్తరపు గోడకు పోయిరి. గాలివాన, మంచు పైబడినవి. వెనుకకు తిరుగక పైకే పోయిరి. గోడపై ఎత్తున, చలిచేతను అలసటచేతను ఇద్దరును మరణించిరి. స్పెయిను పర్వతారోహకులు నేటికిని వారిని గౌరవముతో తలచుకొందురు. ఆ గౌరవము తగినదే. కాని శిష్యునకు ఈ కథ చెప్పు గురువు రెండు సంగతులను కలిపి చెప్పవలెను: రిగ్లోస్‌లో వారిని గెలిపించిన పట్టుదలయే ఐగర్‌పై వారిని నిలువనీయలేదు. గుణము ఒకటే, తావు మారినది.

రిగ్లోస్ గోడలకు మనుష్యులకంటె పూర్వపు హక్కుదారులు ఉన్నారు. రాబందులు ఆ రాతి అరలలో గూళ్లు పెట్టును. వాటి పిల్లలు పెరుగు మాసములలో కొన్ని దారులలో ఎక్కుట నిషేధము. కొతతువేరో మేకలకు దొరకని మర్యాద రిగ్లోస్ రాబందులకు దొరకినది.

నీటి జ్ఞాపకము

జిల్లా నడుమ గ్వారా కొండలు కలవు. ఇవి అంత ఎత్తైనవి కావు. కాని సున్నపురాతిని నీరు వేలయేండ్లు కోసికోసి, మనుష్యుడు చేతులు చాచిన ఇరువైపుల గోడలు తగులునంత ఇరుకైన గండ్లను కూడ చేసినది. వేరో, మస్కూన్ మున్నగు యేళ్ల గండ్లు యూరపు అంతటను పేరుపొందినవి. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో లూసియెన్ బ్రియే ఇచటను తిరిగి లోకమునకు వీటిని ఎరుకపరచెను. 1990లో ఈ కొండలను రక్షితవనముగా చేసిరి.

గండిలో దిగుట ఒక ప్రత్యేకమైన విద్య. శరీరమును అంటుకొనియుండు రబ్బరు దుస్తులు తొడిగి, నీటిలో నడచి, ఈది, జలపాతము ఎదురైనచోట రాతికి త్రాడు కట్టి దాని వెంట దిగుదురు. దిగి త్రాడు లాగికొన్న తరువాత వెనుకకు పోవుటకు దారి ఉండదు. కనుక ఈ విద్యలో అతిముఖ్యమైన నిర్ణయము నీటిలో దిగకముందే, ఒడ్డున నిలిచి ఆకాశమును చూచి చేయవలసినది. వేసవి మధ్యాహ్నములలో ఈ కొండలపై పిడుగులతో వానలు పడును. గండిలో ఉన్నవారికి తలపైన సన్నని నీలిగీత తప్ప ఆకాశము కానరాదు. ఎగువన ఎచటనో కురిసిన వాన, ఇచట ఎండ కాయుచుండగనే, నిమిషములలో ముంచివేయును.

సాహసమును కోరి గండిలో దిగినవారికే కాదు, ఊరక విశ్రాంతికై వచ్చినవారికిని ఈ ఎరుక అవసరము. 1996 ఆగస్టు 7వ తేదీ సాయంకాలము, బియెస్కస్ పట్టణము చెంత, గుడారములు వేసికొనియున్న యాత్రికులపై ఆరాస్ అను కొండవాగు విరుచుకొనిపడినది. 87 మంది మరణించిరి. ఆ విడిది వాగు పూర్వము తెచ్చిపోసిన మేటపై ఉన్నది. వాగును అదుపు చేయుటకై ఎగువన కట్టిన అడ్డుకట్టలు చాలవరకు ఆ వరదలో తెగిపోయినవి. ఇది ముందుగా ఊహింపదగిన ప్రమాదమే అనియు, అచట విడిదికి అనుమతించిన ప్రభుత్వశాఖలదే బాధ్యత అనియు 2005లో న్యాయస్థానము తీర్పు చెప్పినది.

మేట ఎచట ఉన్నదో అచటికి నీరు ఒకనాడు వచ్చినదే. వచ్చిన దారిని నీరు మరువదు, మనుష్యుడే మరచును. భూగోళపాఠములో మేట, గండి, వాలు అను మాటలను పరీక్షకొరకు వల్లించు విద్యార్థికి, ఆ మాటలు ప్రాణములు నిలుపగలవని బియెస్కస్ కథ తెలుపును.

వెనుదిరుగుటయు విద్యయే

మోంతే పెర్దీదో శిఖరమునకు పోవు మామూలు దారి గోరిస్ అను విడిది నుండి బయలుదేరును. శిఖరమునకు దిగువన ఏటవాలుగా ఒక మంచుపల్లము ఉన్నది. చూచుటకు ఏమంత భయంకరము కాదు. దానికి స్థానికులు పెట్టిన పేరు ఉమ్మితొట్టె. కాలు జారినవానిని ఆ పల్లము నేరుగా కొండగోడ అంచునకు చేర్చి క్రిందికి ఉమ్మివేయును. అచట ఎందరో ప్రాణములు కోల్పోయిరి. వారిలో అనేకులు చేతకానివారు కారు. శిఖరము దగ్గర పడినది కదా, ఇంతదూరము వచ్చి పోవుట ఎట్లు అని అనుకొన్నవారు.

ఇట్టివారి కొరకు స్పెయిను పోలీసుదళమైన గార్దియా సివిల్‌లో పర్వతరక్షకుల శాఖ యొకటి 1967 నుండి పనిచేయుచున్నది. ఈ జిల్లాలో జాకా, పాంతికోసా, బోల్తానా, బెనాస్కె మున్నగు చోట్ల వారి కేంద్రములు కలవు. 112 అను సంఖ్యకు పిలుపు అందగనే హెలికాప్టరులో వైద్యునితో సహా బయలుదేరుదురు. గాలి తీవ్రముగా ఉన్నను, మబ్బు కమ్మినను హెలికాప్టరు పోజాలదు. అప్పుడు నడచియే పోవుదురు. ఒకని తొందరపాటునకు పలువురు తమ ప్రాణములను పణముగా పెట్టుదురు. కావున కొండపై మనుష్యుని సాహసము అతని సొంత వ్యవహారము మాత్రమే కాదు.

ఆ ప్రాంతమున కొండలకు పోవువారికి మూడు మాటలు పదేపదే చెప్పుదురు: యోచించుము, సిద్ధపడుము, తగినట్లు నడచుకొనుము. వినుటకు మూడును చప్పనివే. కాని యోచించుట యనగా ఎచట వెనుదిరుగవలెనో ఇంటివద్దనే నిర్ణయించుకొనుట. సిద్ధపడుట యనగా మంచుగొడ్డలిని, బూట్లకు బిగించు ఇనుపముండ్లను మూటలో ఉంచుకొనుటయే కాక వాటిని వాడుట నేర్చుకొనుట. తగినట్లు నడచుకొనుట యనగా ఇంటివద్ద చేసిన నిర్ణయమును శిఖరము ఎదుట మరువకుండుట. ఈ మూడవది మిక్కిలి కష్టము. దానికి కండబలము చాలదు.

విద్యార్థులను విహారయాత్రలకు కొనిపోవు ఉపాధ్యాయులకు ఈ సంగతి క్రొత్త కాదు. యేటిలో దిగుదుమని పిల్లలు పట్టుపట్టినపుడు “వలదు” అని చెప్పి, వారి ముఖములు చిన్నబోవుట చూచి సహించిన ఉపాధ్యాయుడు ఆ మూడవ మాటను ఆచరించినవాడే. అతని సాహసమును ఎవరును పొగడరు. జరుగని ప్రమాదమునకు సాక్షులు ఉండరు గదా!

2014 మొదలు పిరెనీస్‌కు ఫ్రాన్సు వైపున, స్పెయినులోని వేరొక కొండమేకల జాతిని తెచ్చి విడిచిపెట్టుచున్నారు. అవి బుకార్దోలు కావు, వాటి జ్ఞాతులు. అయినను ఎన్నో యేండ్లు శూన్యమైయున్న ఆ కొండలలో మరల గిట్టల చప్పుడు వినవచ్చుచున్నది. పోయినది తిరిగిరాదని ఒప్పుకొని, ఉన్నదానితో మరల మొదలుపెట్టుటకు కూడ ఒక ధైర్యము కావలెను.

కొతతువేరో గోడపై యాత్రికుడు ఇనుపమేకును చేతబట్టి ఒక్కక్షణము ఆగును. క్రింద జలపాతము ఘోషించుచుండును. పైన రాతి అంచులు నిశ్శబ్దముగా ఉండును. ఆ నిశ్శబ్దమునకు కారణమేమో తెలిసినవాడు మిగిలిన దారిని కొంత నెమ్మదిగా ఎక్కును. దూరమునుండి నునుపుగా కనబడిన కొండ దగ్గరకు వచ్చినవారికి తన గరుకుదనమును చూపును. ఆ గరుకుదనములో మన చేతి గుర్తులు కూడ ఉన్నవని తెలిసికొన్న నాడు, కొండ నెక్కుట యనగా నేమో మనకు తెలిసినట్లు.